నిలబడి ఉండగానే కళ్ళు తిరిగి పడిపోతున్న పిల్లలు: టిల్ట్ టేబుల్ పరీక్ష చేయించాలా?

వెన్నెల_అమ్మ
అందరికీ నమస్కారం. మా పాపకి 14 ఏళ్ళు. ఈ మధ్య తరచుగా కళ్ళు తిరిగి పడిపోతోంది. స్కూల్లో వరుసలో నిలబడి ఉండగా, ఇంట్లో నేను తల దువ్వుతుండగా, రక్తపరీక్షకి సూది గుచ్చగానే, ఇలా. మొన్న పడినప్పుడు గడ్డం చీరుకుపోయి కుట్లు పడ్డాయి. అప్పటినుంచి నాకు కంటి మీద కునుకు లేదు. ఈసీజీ తీశారు, బాగుందన్నారు. రక్తం తక్కువేమో అని చూశారు, అదీ బాగానే ఉంది. ఇప్పుడు టిల్ట్ టేబుల్ టెస్ట్ రాశారు. బల్ల మీద పడుకోబెట్టి, బెల్టులు కట్టి, బల్లని పైకి లేపి పిల్ల పడిపోతుందేమో చూస్తారట. వింటుంటేనే కడుపులో తిప్పుతోంది. పడిపోతుందని తెలిసిందే కదా, మళ్ళీ పడేసి చూడటం దేనికి? ప్రమాదం ఏమైనా ఉందా? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

గుండెలయ
అమ్మా, నేను పిల్లల గుండె డాక్టర్‌ని. మీ పాపని చూడకుండా మీ పాప గురించి తీర్పు చెప్పలేను, కానీ ఈ పరీక్ష గురించి చెప్పగలను. ముందు ఒక మాట. పిల్లలు స్పృహ తప్పి పడిపోవడానికి కారణం తేల్చేది చాలావరకు టిల్ట్ టేబుల్ కాదు. జరిగింది జరిగినట్టు వివరంగా చెప్పించుకోవడం, ఇంట్లో వాళ్ళ ఆరోగ్య చరిత్ర, ఒంటి పరీక్ష, ఒక ఈసీజీ, ఈ నాలుగూ సరిగ్గా జరిగితే ఎక్కువమందికి అక్కడే తేలిపోతుంది. 2017లో అమెరికా గుండె వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో పిల్లలకు తప్పనిసరిగా చేయాల్సినవిగా చెప్పింది ఈ నాలుగింటినే. టిల్ట్ మాత్రం అనుమానం తీరనప్పుడు చేయడం సబబు అన్నారు.

కాబట్టి నేను అడిగేవి ఇవి. పడిపోయే ముందు ఏం చేస్తోంది, నిలబడి ఉందా, కూర్చుని ఉందా, పరిగెడుతోందా? ముందుగా ఏమైనా తెలిసిందా, అంటే కళ్ళ ముందు చీకట్లు కమ్మడం, చెవుల్లో గుయ్‌మనడం, వికారం, చెమట? ముఖం రంగు ఎలా మారింది? ఎంతసేపటికి లేచింది, లేచాక మనుషుల్ని గుర్తుపట్టిందా? కళ్ళారా చూసింది ఎవరు? మీ ఇంట్లో, మీ వారి ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్ళు గానీ, ఈత బాగా వచ్చి కూడా నీళ్ళలో మునిగి పోయినవాళ్ళు గానీ ఉన్నారా? చివరి ప్రశ్న అడిగితే చాలామంది బాధపడతారు, కానీ అడగకుండా వదలకూడదు.

రాత్రిచుక్క
డాక్టర్ గారు చివర్లో అడిగిన ప్రశ్న ఎంత ముఖ్యమో చెప్పడానికే లాగిన్ అయ్యాను. మా అబ్బాయి ఈత కొడుతూ స్పృహ తప్పాడు. పక్కనే ఉన్న కోచ్ లాగాడు కాబట్టి బతికాడు. మొదట చూపించిన చోట "ఎండకి, నీరసానికి" అని పంపేశారు, ఈసీజీ కూడా తీయలేదు. మా అక్క పట్టుబట్టి ఇంకో చోటికి తీసుకెళ్తే ఈసీజీలో క్యూటీ వ్యవధి బాగా ఎక్కువ ఉందని చెప్పారు, లాంగ్ క్యూటీ (గుండె విద్యుత్ లయ తప్పే జబ్బు) అని తేలింది. అప్పుడు మా మామగారి తమ్ముడు చిన్నప్పుడే చెరువులో పోయిన సంగతి బయటికి వచ్చింది. అందరూ అది ప్రమాదం అనుకున్నారు. ఇప్పుడు వాడికి రోజూ బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు) మాత్ర, ఇంట్లో అందరికీ ఈసీజీలు అయ్యాయి. ఇలాంటి పిల్లవాణ్ణి నేరుగా టిల్ట్ బల్ల ఎక్కించి, అందులో పాజిటివ్ వచ్చి (అంటే బల్ల మీద పడిపోయి), "మామూలు కళ్ళు తిరగడమే" అని పంపేస్తే ఏమయ్యేది? ఆ ఆలోచనే భరించలేను.

గుండెలయ
ఇదే నేను చెప్పాలనుకున్నది. ఆరోగ్యంగా ఉన్న టీనేజ్ పిల్లల్ని తీసుకొచ్చి బల్ల ఎక్కించినా వాళ్ళలో కొందరు పడిపోతారు. అంటే గుండె లయ జబ్బు ఉన్న పిల్లలకి కూడా టిల్ట్ పాజిటివ్ రావచ్చు. అది జబ్బు లేదని రుజువు కాదు.

వెంటనే గుండె వైపు చూడాల్సినవి చెబుతాను, అందరూ గుర్తుపెట్టుకోండి. పరుగు మధ్యలో, ఆట మధ్యలో, ఈతలో పడిపోవడం (ఆట అయిపోయాక నిలబడి ఉన్నప్పుడు పడటం వేరు, మధ్యలో పడటం వేరు). పడుకుని ఉండగా స్పృహ తప్పడం. అలారం, ఫోన్ మోత లాంటి హఠాత్ శబ్దానికో ఉలికిపాటుకో పడిపోవడం. ముందస్తు సూచన ఏమీ లేకుండా ఒక్కసారిగా కూలిపోవడం. ముందు గుండె దడదడలాడటం, ఛాతీలో నొప్పి. పుట్టుకతో వినికిడి లోపం ఉండటం, ఎందుకంటే ఒక రకం లాంగ్ క్యూటీ దానితో కలిసి వస్తుంది. గుండెకి ఇంతకుముందు ఆపరేషన్ అయి ఉండటం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎకో (గుండె స్కాన్), హోల్టర్ (రోజంతా తీసే ఈసీజీ), ట్రెడ్‌మిల్ లాంటివి ముందు. సీపీవీటీ అని ఒక జబ్బుంది, అందులో మామూలు ఈసీజీ శుభ్రంగా ఉంటుంది, శ్రమ చేయించినప్పుడే లయ తప్పుతుంది. టిల్ట్ బల్ల మీద అది దొరకదు.

వెన్నెల_అమ్మ
డాక్టర్ గారూ, మీ ప్రశ్నలకి పాపని కూర్చోబెట్టి అడిగి రాస్తున్నాను. ఆటల్లో ఎప్పుడూ పడలేదు, పైగా బ్యాడ్మింటన్ బాగా ఆడుతుంది. పడే ముందు ఒళ్ళంతా వేడెక్కినట్టు, మాటలు దూరం నుంచి వినిపిస్తున్నట్టు ఉంటుందంట. పెదాలు తెల్లగా పాలిపోవడం నేనే చూశాను. లేచాక నన్ను గుర్తుపట్టింది, "ఏమైంది అమ్మా" అంది, ఆ పూటంతా నీరసంగా పడుకుంది. రెండు వైపులా చిన్న వయసులో పోయినవాళ్ళు లేరు. మా అత్తగారు మాత్రం పెళ్ళికి ముందు ఇలాగే పడిపోయేదట.

ఒక్కటే భయం. స్కూల్లో పడినప్పుడు చేతులు, కాళ్ళు కొట్టుకున్నాయట, కళ్ళు పైకి పోయాయట. టీచర్ గారు "ఇది ఫిట్స్ అండీ, దాచకండి" అన్నారు. మా మరిది కూడా నరాల డాక్టర్‌కి చూపించి ముందు మందు మొదలుపెట్టమంటున్నాడు. నాకు దిక్కు తోచడం లేదు.

నరాలబాట
నేను న్యూరాలజీలో పని చేస్తాను. దయచేసి ఫిట్స్ మందు తొందరపడి మొదలుపెట్టకండి.

మెదడుకి రక్తం కొన్ని సెకన్లు తగ్గితే ఎవరికైనా చేతులు కాళ్ళు అదరవచ్చు. 1994లో జర్మనీలో లెంపర్ట్ బృందం ఆరోగ్యవంతులైన వాలంటీర్లకి కావాలని స్పృహ తప్పించి వీడియో తీసింది. పూర్తిగా స్పృహ తప్పిన 42 మందిలో 38 మందికి ఒళ్ళు అదిరింది. చాలామందికి కళ్ళు తెరిచే ఉన్నాయి, పైకి తిరిగాయి. స్పృహ లేని సమయం సగటున 12 సెకన్లు. వాళ్ళెవరికీ ఫిట్స్ జబ్బు లేదు. కాబట్టి "కొట్టుకుంది, కళ్ళు పైకి పోయాయి" అన్న రెండు మాటల మీద ఫిట్స్ అని ముద్ర వేయడం న్యాయం కాదు. ఆ ముద్ర పడితే పిల్లలు ఏళ్ళ తరబడి మందులు మింగుతారు, సైకిల్ తొక్కొద్దంటారు, తోటి పిల్లలు వింతగా చూస్తారు. అలాంటి పిల్లల్ని చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

తేడా ఎక్కడ చూడాలంటే, ముందు కూలిపోయి తర్వాత కొన్ని సెకన్లు లయ లేకుండా అదిరితే అది సాధారణంగా సొమ్మసిల్లడమే. ఫిట్స్‌లో బిగుసుకోవడం, లయబద్ధంగా కొట్టుకోవడం ఎక్కువసేపు, తరచుగా నిమిషం దాటి సాగుతుంది, నాలుక పక్క భాగం తెగడం, ముఖం నీలంగా మారడం, లేచాక చాలాసేపు ఎక్కడున్నానో తెలియని అయోమయం ఉంటాయి. మూత్రం పోవడం రెండింటిలోనూ ఉంటుంది, దాన్ని బట్టి తేల్చలేం. నిలబడి ఉండటం, సూది, వేడి, ఇలాంటి కారణం కనబడటం సొమ్మసిల్లడం వైపే మొగ్గు చూపుతుంది. ఎవరైనా ఫోన్‌లో వీడియో తీయగలిగితే అది మాకు సగం పరీక్షలతో సమానం. అయితే ముందు పిల్లని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తండి, వీడియో పక్కనున్నవాళ్ళు తీస్తారు.

మీ పాప విషయంలో నిజంగా సందేహం మిగిలితే టిల్ట్ చాలా ఉపయోగపడేది ఇక్కడే. బల్ల మీద అదే రకంగా అదిరి, ఆ క్షణంలో బీపీ పడిపోయి కనిపిస్తే వాదన అక్కడితో ఆగిపోతుంది. ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) కూడా కలిపి పెట్టగలిగే చోటైతే ఇంకా మంచిది.

బల్లపక్కన
ఈ పరీక్ష చేసే గదిలో టెక్నీషియన్‌ని. అమ్మ భయం "కట్టేస్తారట" అన్న మాటలో ఉంది కాబట్టి గదిలో ఏం జరుగుతుందో చెబుతాను.

ముందు కొన్ని గంటలు ఏమీ తినకుండా రమ్మంటారు, కడుపు నిండా ఉంటే వాంతి అవుతుంది. కాఫీ, టీ వద్దు. వాడుతున్న మందులేమైనా ఉంటే ఆపాలో వద్దో డాక్టర్ చెబుతారు, మీ అంతట మీరు ఆపకండి. గది మసక వెలుతురులో, నిశ్శబ్దంగా, మరీ చల్లగా మరీ వేడిగా లేకుండా ఉంచుతాం. ఛాతీ మీద ఈసీజీ స్టిక్కర్లు, ఒక చేతికి బీపీ పట్టీ, ఇంకో చేతి వేలికి చిన్న పట్టీ. ఆ వేలి పట్టీ ప్రతి గుండె చప్పుడుకీ బీపీ చూపిస్తుంది. ఆ చెయ్యి గుండె ఎత్తులోనే ఉండేలా ఆనిస్తాం, కిందికి జారితే అంకె తప్పు చూపిస్తుంది, పిల్లలు మరిచిపోయి దించేస్తారు, నా సగం పని ఆ చెయ్యి సరిచేయడమే. పరీక్షకి సెలైన్ సూది అవసరం లేదంటే పెట్టం. సూది పెట్టడమే కొందరు పిల్లల్ని పడేస్తుంది కాబట్టి ఫలితం చెడిపోతుంది. పెట్టాల్సి వస్తే ఆ తర్వాత 20 నిమిషాలైనా పడుకోబెట్టి శాంతించాకే మొదలుపెడతాం. సూది లేకపోతే 5 నిమిషాల విశ్రాంతి చాలు.

బెల్టులు ఛాతీ దగ్గర, మోకాళ్ళ దగ్గర. అవి పిల్లలు పడకుండా పట్టుకోవడానికి, విప్పితే వెంటనే ఊడిపోతాయి. పాదాల కింద పలక ఉంటుంది, దాని మీద నిలబడతారు. బల్లని 60 నుంచి 70 డిగ్రీల దాకా లేపుతాం. పూర్తి నిలువు కాదు. నిలబడగానే అర లీటరు దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, రక్తం కాళ్ళ వైపు, కడుపు వైపు దిగుతుంది. మామూలుగా మనం నిలబడితే పిక్కల కండరాలు కదిలి దాన్ని పైకి తోస్తూ ఉంటాయి. ఇక్కడ కాళ్ళు కదపొద్దంటాం, అదే అసలు పరీక్ష. ఎంతసేపు అన్నది చోటుని బట్టి మారుతుంది, 20 నిమిషాలు, 30, 45 కూడా. ఏమీ జరగకపోతే కొన్ని చోట్ల నాలుక కింద నైట్రోగ్లిజరిన్ స్ప్రే కొట్టి ఇంకో 15 నిమిషాలు చూస్తారు. చిన్న పిల్లలకి ఆ అవసరం తరచుగా రాదు.

పడిపోబోయే పిల్లని చూస్తే తెరకన్నా ముందు మాకే తెలుస్తుంది. ఆవలింతలు మొదలవుతాయి. పెద్దగా నిట్టూరుస్తారు. పై పెదవి మీద సన్నగా చెమట. అంతవరకు కబుర్లు చెప్పిన పిల్ల ఒక్క మాటతో ఆపేస్తుంది. అప్పుడే అడుగుతాం, "బయట పడినప్పుడు ఇలాగే ఉండేదా?" అని. ఆ జవాబు రిపోర్ట్‌లో రాస్తాం. తర్వాత బీపీ గీత జారడం, గుండె వేగం పడిపోవడం, బల్ల వెంటనే పడుకోబెడతాం. కొన్ని సెకన్లలో కళ్ళు తెరుస్తారు. తల్లి గానీ తండ్రి గానీ గదిలోనే ఉండవచ్చా అని ముందే అడగండి, మా దగ్గర ఉండనిస్తాం. మీరు గాబరాపడి ఏడిస్తే పిల్ల ఊపిరి వేగం పెరుగుతుంది, అది ఒక్కటే చూసుకోవాలి. డాక్టర్ లేకుండా, అత్యవసర సామాను లేకుండా ఈ పరీక్ష ఎవరూ చేయకూడదు.

17ఏళ్ళ_నేను
నేను చేయించుకున్నాను కాబట్టి చెప్తున్నా ఆంటీ. ముందు రాత్రి చాలా టెన్షన్ పడ్డాను. బల్ల లేపినప్పుడు లిఫ్ట్‌లో నిలబడ్డట్టే ఉంటుంది, నొప్పి ఏమీ ఉండదు. బోర్ కొడుతుంది, కదలకూడదు, ముక్కు దురద పెడితే వాళ్ళనే గోకమనాలి. కొంతసేపయ్యాక కడుపులో తిప్పడం మొదలై, "అదే వస్తోంది" అని అన్నాను, ఆ తర్వాత గుర్తులేదు. లేచేసరికి అక్క నా చెయ్యి పట్టుకుని ఉంది. బాగా చెమట, కొంచెం వాంతి వచ్చినట్టు, సాయంత్రం దాకా నీరసం. అంతే.

కానీ ఒక మాట చెప్పాలి. అప్పటిదాకా క్లాసులో నేను కావాలని పడిపోతున్నాననీ, పరీక్షలంటే భయమనీ అనేవాళ్ళు. బీపీ గీత అంత కిందికి వెళ్ళడం మా నాన్న కళ్ళారా చూశాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు. నాకు మందు కన్నా అది ఎక్కువ.

సూటిమాట
అందరూ పరీక్షని పొగుడుతున్నారు కాబట్టి అవతలి వైపు కూడా చెప్పాలి. నేను పిల్లల డాక్టర్‌ని. నిలబడి ఉండగా, సూది చూడగానే, తల దువ్వుతుండగా (ఇది టీనేజ్ అమ్మాయిల్లో అందరికీ తెలిసిన సందర్భమే), ముందు చీకట్లు కమ్మి, తెల్లబడి, పడి, వెంటనే లేచిన పిల్ల. ఈసీజీ బాగుంది. ఇంట్లో చరిత్ర లేదు. ఇది వేసోవేగల్ (నాడుల ప్రతిచర్య వల్ల బీపీ, గుండె వేగం పడి సొమ్మసిల్లడం) అని చెప్పడానికి ఇంకేం కావాలి? పాజిటివ్ వస్తే మనకి తెలిసిందే చెబుతుంది. నెగటివ్ వస్తే? అప్పుడు "మరి ఏంటిది" అని ఎంఆర్ఐ, ఈఈజీ, ఇంకో డాక్టరు, ఇంకో డాక్టరు. నెగటివ్ అంటే వేసోవేగల్ కాదని అర్థం కాదు, ఈ రోజు బల్ల మీద పడలేదు అనే అర్థం. ఒకే పిల్లకి వేరే రోజు చేస్తే వేరే ఫలితం రావచ్చు. పిల్లలు పెద్దయ్యేలోపు ఒక్కసారైనా స్పృహ తప్పేవాళ్ళు దాదాపు 15 శాతం అని పుస్తకాల్లో ఉంటుంది, అందరినీ బల్ల ఎక్కిస్తామా?

గుండెలయ
సూటిమాట గారితో నాకు పెద్దగా పేచీ లేదు. ఒక్కసారి పడిపోయిన పిల్లకి, కథ ఇంత స్పష్టంగా ఉన్న పిల్లకి నేనూ రాయను. 1986లో లండన్ వెస్ట్‌మిన్‌స్టర్ ఆసుపత్రిలో రోజ్ ఆన్ కెనీ బృందం ఈ పరీక్షని స్పృహ తప్పడానికి మొదటిసారి వాడినప్పుడు కూడా వాళ్ళు తీసుకున్నది అన్నీ చూసినా కారణం దొరకనివాళ్ళనే.

కానీ ఇక్కడ మూడు విషయాలున్నాయి. పాప మళ్ళీ మళ్ళీ పడుతోంది, గడ్డం చీరుకుపోయేంత దెబ్బ తగిలింది, ఫిట్స్ మందు మొదలుపెడదామన్న ఒత్తిడి ఇంట్లో ఉంది. ఇలాంటప్పుడు పరీక్ష చేస్తే ఆ ఒత్తిడి ఆగుతుంది. ఇంకో లాభం, తనకి రాబోయేది ఎలా ఉంటుందో పిల్లకి మొదటి సెకను నుంచి తెలిసిపోతుంది. ఆ సెకన్లలోనే కూర్చోవడం నేర్చుకుంటే మళ్ళీ గడ్డం పగలదు.

అంతకన్నా ముందు మీ డాక్టర్‌ని ఒకటి అడగండి. పది నిమిషాలు పడుకోబెట్టి, తర్వాత పది నిమిషాలు గోడకి ఆనకుండా నిలబెట్టి, బీపీ, గుండె వేగం రాసుకునే పరీక్ష ఉంది, ఏ యంత్రమూ అక్కర్లేదు. నిలబడ్డ 3 నిమిషాల్లో పై బీపీ 20 గానీ కింది బీపీ 10 గానీ పడితే అది నిలబడగానే బీపీ పడిపోయే సమస్య. బీపీ పడకుండా గుండె వేగం మాత్రం విపరీతంగా పెరిగితే పాట్స్ (నిలబడగానే గుండె వేగం అతిగా పెరిగే సమస్య) వైపు చూడాలి. పెద్దవాళ్ళకి నిమిషానికి 30 పెరిగితే చాలు, 12 నుంచి 19 ఏళ్ళ వాళ్ళకి 40 పెరగాలి, ఎందుకంటే ఈ వయసు పిల్లల్లో మామూలుగానే ఎక్కువ పెరుగుతుంది. పైగా నిలబడితే తల తేలిపోవడం, దడ, అలసట నెలల తరబడి ఉండాలి, కనీసం 3 నెలలు. పెద్దల అంకె పిల్లలకి వేసి పాట్స్ అని చెప్పేస్తున్న రిపోర్టులు నా దగ్గరికి వస్తుంటాయి, జాగ్రత్త.

వెన్నెల_అమ్మ
అందరికీ చాలా థాంక్స్. మీరు చెప్పినట్టే ముందు నిలబెట్టి చూశారు, ఏమీ పడలేదు, వేగం కొంచెమే పెరిగింది. తర్వాత టిల్ట్ చేయించాం. బల్లపక్కన గారు రాసింది పాపకి చదివి వినిపించాను, అందుకే భయపడకుండా ఎక్కింది. పడిపోయింది, చేతులు అదిరాయి, టీచర్ గారు చెప్పినట్టే. బీపీ అప్పటికే బాగా కిందికి వెళ్ళింది. "ఇలాగే ఉంటుందా?" అని అడిగితే "అచ్చం ఇలాగే" అంది. వేసోవేగల్, మిక్స్‌డ్ టైప్ (బీపీ, గుండె వేగం రెండూ పడటం) అని రాశారు. ఫిట్స్ మందు మాట ఇంట్లో ఇక లేదు.

కొండమల్లి
అక్కా, మీకు మిక్స్‌డ్ వచ్చింది, మా బాబుకి కార్డియో ఇన్హిబిటరీ (గుండె బాగా నెమ్మదించే రకం), అసిస్టోల్ అని రాశారు. గుండె 7 సెకన్లు ఆగిందని చెప్పారు. వాడికి 13 ఏళ్ళు. పేస్‌మేకర్ పెట్టాలేమో అని ఒకరన్నారు. నా చేతులు వణుకుతున్నాయి టైప్ చేస్తుంటే.

గుండెలయ
అమ్మా, ముందు స్థిమితపడండి. వేసోవేగల్‌లో వేగస్ నాడి గుండెని నెమ్మదింపజేస్తుంది, కొందరిలో కాసేపు ఆపేస్తుంది కూడా. ఆగడం 3 సెకన్లు దాటితే అసిస్టోల్ అని రాస్తాం. గుండె కండరంలోనో దాని విద్యుత్ దారుల్లోనో జబ్బు ఉందని దాని అర్థం కాదు, పడుకోబెట్టగానే దానంతట అదే తిరిగి కొట్టుకుంటుంది. ఈ వయసులో ఒక్క టిల్ట్ రిపోర్ట్ చూసి పేస్‌మేకర్ పెట్టం. నీళ్ళు, జాగ్రత్తలు, అవసరమైతే మందు, ఇవన్నీ చూసినా సూచన లేకుండా పడి తీవ్రంగా దెబ్బలు తగులుతూ, బయట పడినప్పుడు కూడా గుండె ఆగిందని రికార్డర్‌లో కనిపిస్తే అప్పుడు ఆలోచిస్తారు, అదీ చాలా అరుదు. చాలామంది పిల్లలకి వయసుతో తగ్గుతుంది. పిల్లల గుండె లయ చూసే డాక్టర్ దగ్గర రెండో అభిప్రాయం తీసుకోండి, ఈసీజీ కాగితం తీసుకెళ్ళండి.

పేరు_వద్దు
మా అమ్మాయికి బల్ల మీద స్పృహ పోయినట్టే అయింది, చాలా నిమిషాలు కళ్ళు మూసుకుని ఉంది, కానీ బీపీ, గుండె వేగం మామూలుగానే ఉన్నాయట. "నటిస్తోంది" అన్నాడు అక్కడున్న ఒకాయన. పిల్ల విన్నది. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

నరాలబాట
ఆయన అన్న మాట తప్పు, చాలా తప్పు. దీన్ని సైకోజెనిక్ సూడోసింకోపీ (మనసులోని ఒత్తిడి వల్ల స్పృహ తప్పినట్టు అవడం) అంటారు, పిల్ల కావాలని చేసేది కాదు. కళ్ళు గట్టిగా మూసుకుని ఉండటం, నిమిషాల తరబడి సాగడం, రోజులో ఎక్కువసార్లు రావడం, ఆ సమయంలో బీపీ, వేగం పడకపోవడం దీని గుర్తులు. బల్ల మీద ఇది కనబడటం పెద్ద మేలు, ఎందుకంటే గుండె, మెదడు బాగున్నాయని అదే క్షణంలో కళ్ళారా చూశాం. వేధింపో, చదువు ఒత్తిడో, బయటికి చెప్పుకోలేని బాధో ఉండవచ్చు, ఏమీ దొరకకపోవచ్చు కూడా. పిల్లల మనసు చూసే సైకాలజిస్ట్ దగ్గర మాటల వైద్యంతో చాలామంది బాగవుతారు. మీ పాపతో ఈ రోజే ఒక మాట చెప్పండి: "నువ్వు నటించడం లేదని నాకు తెలుసు, దీనికి వైద్యం ఉంది." మిగతాది తర్వాత.

పేరు_వద్దు
చెప్పాను. చాలాసేపు ఏడ్చింది, తర్వాత తిన్నది. థాంక్స్ అండీ.

సూటిమాట
పరీక్ష తర్వాత ఏం చేయాలో ఎవరూ రాయలేదు, అది అసలు సంగతి. నీళ్ళు బాగా తాగించండి, టీనేజ్ పిల్లలకి రోజుకి 2 లీటర్లకి తగ్గకుండా. స్కూల్లో బాత్రూమ్ బాగుండదని ఆడపిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ళే తాగరు, వెళ్ళి స్కూల్‌తో మాట్లాడండి. ఉప్పు పెంచడం బీపీ, కిడ్నీ బాగున్నాయని చూశాక డాక్టర్ చెబితేనే. పూట తిండి మాన్పించకండి. సూచన రాగానే కాళ్ళు కత్తెరలా వేసి తొడలు, పిరుదులు బిగించడం, రెండు చేతులూ కొక్కెంలా పట్టుకుని బయటికి లాగడం నేర్పండి, బీపీ కాసేపు నిలబడుతుంది. తగ్గకపోతే సిగ్గుపడకుండా నేల మీద కూర్చోవాలి, కుదిరితే పడుకోవాలి. తల దువ్వేది కూర్చోబెట్టి దువ్వండి.

మందుల విషయంలో అతిగా ఆశపడకండి. ఫ్లూడ్రోకార్టిసోన్ (ఒంట్లో ఉప్పు, నీరు నిలిపే మందు), ఉప్పు కలిపి పిల్లలకి ఇచ్చి చూసిన 2005 అధ్యయనంలో ఉత్తుత్తి మాత్ర తీసుకున్న వాళ్ళకన్నా ఆ మందు తీసుకున్న వాళ్ళే ఎక్కువగా పడ్డారు. బీటా బ్లాకర్లు పిల్లల వేసోవేగల్‌కి పని చేయవు (లాంగ్ క్యూటీకి అవే ప్రాణం, రెండూ కలిపేయకండి). మిడోడ్రిన్ (రక్తనాళాలు బిగించి బీపీ పెంచే మందు) కొందరికి పనికొస్తుంది, అదీ డాక్టర్ పర్యవేక్షణలో.

చిట్టికన్నమ్మ
మా వాడికి రెండేళ్ళు. ఏడుస్తూ ఏడుస్తూ ఊపిరి బిగబట్టి, తెల్లబడి, వాలిపోతాడు. వీడికి కూడా ఈ టిల్ట్ చేయించాలా?

గుండెలయ
వద్దమ్మా. అంత చిన్న పిల్లలు బల్ల మీద కదలకుండా ఉండలేరు, చేసినా అర్థం ఉండదు. మీరు చెప్పింది ఊపిరి బిగబట్టే స్పెల్ లాగే ఉంది, ఆరు నెలల నుంచి ఆరేళ్ళ లోపు పిల్లల్లో చూస్తాం, పెద్దయ్యేకొద్దీ పోతుంది. ఒక ఈసీజీ తీయించండి, ఒంట్లో ఐరన్ ఎంతుందో చూపించండి. ఐరన్ తక్కువుంటే సరిచేయగానే చాలామందికి స్పెల్స్ తగ్గుతాయి. పడినప్పుడు నీళ్ళు చల్లడం, ఊపడం చేయకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టండి.

కొండమల్లి
డాక్టర్ గారూ, ఒక చివరి సందేహం. బాబుకి మిడోడ్రిన్ మొదలుపెట్టారు. పని చేస్తోందో లేదో తెలుసుకోడానికి మళ్ళీ టిల్ట్ చేద్దామంటున్నారు, చేయించాలా?

గుండెలయ
దానికోసమైతే అక్కర్లేదు. మందు పని చేస్తోందా అన్నది బల్ల చెప్పలేదు, రెండోసారి పడకపోవడం మందు వల్లో ఆ రోజు వల్లో తేల్చలేం. మార్గదర్శకాలు కూడా దానికి వద్దనే అంటాయి. ఒక పుస్తకం పెట్టి తేదీ, ఎక్కడ, ముందు ఏం చేస్తున్నాడు, సూచన వచ్చిందా, పడ్డాడా లేక కూర్చుని తప్పించుకున్నాడా, ఆ రోజు నీళ్ళు ఎంత తాగాడు, ఇవి రాయించండి, అది వాడి చేతే రాయిస్తే ఇంకా మంచిది. ఈలోగా ఆట మధ్యలో పడినా, సూచన లేకుండా కూలినా పుస్తకం పక్కన పెట్టి వెంటనే తీసుకురండి.